పట్టాల మీద చిన్న క్రేన్: టన్నులు తరువాత, ముందు తోక చూడండి

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. అమెరికా రైల్వేల పాత ఫోటోల్లో కనిపించే బర్రో అనే చిన్న క్రేన్ ఎన్ని టన్నులు ఎత్తేది, అట్లాంటివి మన రేణిగుంట, పాకాల, చిత్తూరు వైపు ఎప్పుడైనా తిరిగాయా, తిరగకపోతే ఎందుకు తిరగలేదు. మోడల్ కట్టాలని ఉందని కూడా రాశారు. నేను పర్మనెంట్ వే మనిషిని. పాకాల, రేణిగుంట సెక్షన్లలో పట్టాలు, వాటి కింద అడ్డంగా పరిచే స్లీపర్లు, కంకరతోనే నా ఉద్యోగమంతా గడిచింది. రిటైరై ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నా. బర్రో గురించి చదివింది, మన క్రేన్ల గురించి దగ్గరుండి పని చేయించింది కలిపి రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మీ ప్రశ్నకి జవాబులు రాసినవాళ్లలో ఒకరిద్దరు టన్నుల మీదే వాదించుకుంటున్నారు. ఒకాయన ఐదంటాడు, ఇంకొకాయన పదంటాడు. రైలు క్రేన్ దగ్గర ఉత్త టన్నుల లెక్కకు అర్థం లేదు సామీ. ఎంత దూరంలో అన్నది దాని పక్కన పెడితేనే ఆ అంకెకు విలువ. అందుకే బర్రోకి ఒక్క అంకె చెప్పను, అంకెను ఎట్లా చూడాలో చెబుతా. క్రేన్ తిరిగే ఇరుసు నడిమధ్య నుంచి కొక్కెం వేలాడే చోటుకి ఉండే దూరాన్ని రేడియస్ అంటాం. రేడియస్ పెరిగే కొద్దీ ఎత్తగలిగే బరువు దభాలున పడిపోతుంది. మన పల్లెల్లో బావుల దగ్గర ఉండిన ఏతాం గుర్తుందా? ముందు బాన బరువుకి వెనక మనిషో రాయో సరితూగాలి. క్రేన్ కూడా అంతే, కాకపోతే ఇక్కడ తూగే బిందువు పట్టా మీద ఉంటుంది.

చిన్న లెక్క వేసి చూపిస్తా. మొత్తం బరువు 20 టన్నులుండే క్రేన్ అనుకోండి. లెక్క తేలిగ్గా ఉండడానికి దాని బరువంతా సరిగ్గా నడిమధ్యలో ఉందనుకుందాం. బ్రాడ్ గేజ్‌లో రెండు పట్టాల మధ్య ఎడం 1,676 మిల్లీమీటర్లు. నడిమధ్య నుంచి పట్టా తల మధ్యకి 0.87 మీటరు వస్తుంది. క్రేన్ పక్కకి తిరిగి 5 మీటర్ల రేడియస్‌లో బరువు ఎత్తితే ఆ బరువు పట్టాకి అవతల 4.13 మీటర్ల దూరంలో వేలాడుతుంది. 20ని 0.87తో గుణించి 4.13తో భాగిస్తే 4.2 టన్నులు. ఆ బరువు దగ్గర అవతలి చక్రాలు లేస్తాయి. అంతవరకు ఎవడూ పోడు, పోకూడదు. మూడింట రెండు వంతుల లోపలే ఆగాలి. అంటే 20 టన్నుల యంత్రం పక్కకి తిరిగి, 5 మీటర్ల దూరంలో, ఊతకాళ్లు వేయకుండా నిక్కచ్చిగా ఎత్తేది 3 టన్నులకు లోపే. అదే యంత్రాన్ని, పట్టాల మధ్య ఎడం ఒక్క మీటరే ఉండే మీటర్ గేజ్ మీద పెడితే 0.87 కాస్తా 0.53 అవుతుంది, తిరగబడే బరువు 2.4 టన్నులకు దిగుతుంది. మీటర్ గేజ్ సెక్షన్లలో క్రేన్ పని ఎందుకు ఎప్పుడూ నసగా ఉండేదో దీన్ని బట్టే తెలుస్తుంది. వెనక కౌంటర్ వెయిట్, అంటే సరితూగే బరువు పెడితే ఈ అంకెలు మెరుగవుతాయి, నిజమే. కానీ వెనక బరువు మితిమీరితే, కొక్కెం ఖాళీగా ఉండి చెయ్యి పైకెత్తి ఉన్నప్పుడు క్రేన్ వెనక్కి పడుతుంది. అందుకే పాత హ్యాండ్ క్రేన్లకు కౌంటర్ వెయిట్ పెట్టె జరిపేదానికి వీలుండేది. బరువెత్తేటప్పుడు వెనక్కి జరుపుతారు, ప్రయాణంలో ముందుకి లాగి బిగిస్తారు.

ఇదంతా సమంగా ఉన్న లైన్ మీద. వంపులో బయటి పట్టా ఎత్తుగా ఉంటుంది కదా, దాన్ని మేం క్యాంట్ అంటాం. 75 మిల్లీమీటర్ల క్యాంట్ అంటే చూసేదానికి ఏమీ ఉండదు. కానీ క్రేన్ గురుత్వ కేంద్రం పట్టా నుంచి 2 మీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, అది లోపలి పట్టా వైపు 8 సెంటీమీటర్లకు పైగా జరిగిపోతుంది. 0.87 మీటరులో పదో వంతు అక్కడే పోయింది. ఇక క్రేన్ చెయ్యి కొన 7 మీటర్ల ఎత్తులో ఉంటే అది 30 సెంటీమీటర్లు లోపలికి వాలుతుంది, అంటే రేడియస్ దానంతట అదే పెరిగింది. రెండు నష్టాలూ ఒకే వైపు. వంపులో లోపలి వైపుకి బరువు తిప్పేటప్పుడు మేస్త్రీలు గొంతు ఎందుకు పెంచుతారో ఇప్పుడు మీకు అర్థమయ్యుంటుంది.

ఇక బరువు ఎత్తక ముందు చేయాల్సిన పనులు. ఇవి ఫోటోల్లో కనపడవు, మోడల్ కట్టేవాళ్లు అసలే పట్టించుకోరు. క్రేన్ బండికి స్ప్రింగులుంటాయి. అవి లేకపోతే లైన్ మీద నడవదు. కానీ బరువెత్తేటప్పుడు ఆ స్ప్రింగులే శత్రువులు. బరువు పడిన వైపు స్ప్రింగు కుంగుతుంది, బండి వాలుతుంది, రేడియస్ పెరుగుతుంది, ఇంకా వాలుతుంది. కాబట్టి చక్రాల ఇరుసు కొన కూర్చునే యాక్సిల్ బాక్సుకీ బండి ఫ్రేముకీ మధ్య వెడ్జ్‌లు, అంటే సందు బిగించే ముక్కలు కొట్టి స్ప్రింగు ఆడకుండా చేయాలి. తరువాత రైల్ క్లాంపులతో బండిని పట్టాకి పట్టించాలి. బరువు పెద్దదైతే పక్కలకి ఊతకాళ్లు, అంటే అవుట్‌రిగ్గర్లు లాగి, వాటి కింద చెక్క స్లీపర్ ముక్కలు పేర్చి జాక్ బిగించాలి. కంకర గట్టు అంచున ఊతకాలు పెట్టడం అంటే బెల్లం మీద నిలబెట్టినట్టే, జారుతుంది. అందుకే ఒక ముక్క చాలదు, కింద అడ్డంగా రెండు, వాటి మీద నిలువుగా రెండు పేర్చాలి. పని అయ్యాక ఇవన్నీ ఊడదీయాలి. వెడ్జ్‌లు తీయకుండా బండిని కదిలిస్తే వంపులో చక్రం పట్టా ఎక్కి దిగిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. చిన్న మెయింటెనెన్స్ క్రేన్ గొప్పతనం దాని చేతిలో లేదు, తోకలో ఉంది. క్రేన్ పైభాగం గుండ్రంగా తిరిగినప్పుడు వెనక్కి పొడుచుకొచ్చే భాగాన్ని తోక అంటాం. డబుల్ లైన్ సెక్షన్‌లో మీ క్రేన్ ఒక లైన్ మీద నిలబడి బయటి వైపుకి చెయ్యి చాపితే, తోక పక్క లైన్ వైపు పోతుంది. ఆ లైన్‌లో రైలు పోవచ్చా, ఆపాలా? క్రేన్ పనికి అయ్యే ఖర్చంతా ఈ ఒక్క ప్రశ్న మీదే ఆధారపడి ఉంటుంది.

దీనికీ లెక్కుంది. మన పాత డబుల్ లైన్లలో లైను మధ్య నుంచి లైను మధ్యకి 4.725 మీటర్లు పెట్టేవాళ్లు, కొత్త పనుల్లో 5.3 మీటర్లు. పక్క లైన్‌లో పోయే బండి వెడల్పు గరిష్ఠంగా 3.25 మీటర్లు, అందులో సగం 1.625. అంటే 4.725 మీటర్ల చోట, మీ లైను మధ్య నుంచి 3.1 మీటర్లు పోతే పక్క రైలు ఒంటికి తగులుతుంది. జాగ్రత్త కోసం ఇంకొంచెం వదలాలి. తోక అంతకన్నా పొడుగుంటే రెండు లైన్లకూ బ్లాక్ తీసుకోవాలి, అంటే పని అయ్యేదాకా ఆ లైన్లలో రైళ్లు ఆపించాలి. ఒక లైన్ బ్లాక్ కోసమే, రైళ్ల రాకపోకలు చూసే కంట్రోలర్ దగ్గర ఎంత బతిమాలాలో ఈ పని చేసినవాళ్లకు తెలుసు. రెండు లైన్ల బ్లాక్ అంటే పండగ రోజుల్లో కొండ మీద గది అడిగినట్టే.

అమెరికాలో ఇది ఇంకా ఇరుకు. వాళ్ల పాత లైన్లలో మధ్య నుంచి మధ్యకి 13 అడుగులే చాలా చోట్ల. వ్యాగన్ వెడల్పు మాత్రం మన దానంతే, 10 అడుగుల 8 అంగుళాలు. లెక్క వేస్తే తోకకి మిగిలేది 2.3 మీటర్లు. షికాగోలోని కల్లెన్ ఫ్రీస్టెడ్ కంపెనీ బర్రోను తయారుచేసింది సరిగ్గా ఈ ఇరుకును కొలుచుకునే. నాలుగు చక్రాల బండి, దాని మీద పొట్టి క్యాబిన్, ఇంజను, తాడు చుట్టే వించులు అన్నీ దగ్గర దగ్గరగా కుక్కి, వెనక భాగాన్ని కురచగా ఉంచారు. క్రేన్ చెయ్యి మొదలయ్యే కీలును ఎత్తులో పెట్టారు. దాంతో పక్కన నిలబడిన వ్యాగన్ అంచు మీదుగా చెయ్యి చాపి లోపలి సరుకు అందుకోవచ్చు. మోడల్ 15, 20, 30, 40 అని రకాలొచ్చాయి. పెట్రోలు ఇంజనుతో కొన్ని, డీజిల్‌తో కొన్ని.

ఇంకో సంగతి, నా దృష్టిలో తోక తరువాత ఇదే ముఖ్యం. బర్రో తనంతట తను నడుస్తుంది, పైగా ఒకటి రెండు వ్యాగన్లను లాక్కుపోతుంది. పట్టాలు నింపిన వ్యాగన్‌ని వెనక తగిలించుకుని స్టేషన్ నుంచి పనిచోటికి పోతే, వేరే లోకో అక్కర్లేదు, దాని సిబ్బందీ అక్కర్లేదు. సైడింగ్‌లో, అంటే స్టేషన్ పక్క లైన్‌లో నిలబడి రైలు పోగానే బయటికొస్తుంది, కొంతసేపు పనిచేసి మళ్లీ సైడింగ్‌లో దూరుతుంది. అక్కడ పట్టా పొడుగు 39 అడుగులు, గజానికి 132 పౌండ్ల రకమైతే ఒక్కోటి దాదాపు 780 కిలోలు. కొక్కానికి పట్టకారు తగిలించి ఒక్కొక్క పట్టానే ఎత్తి స్లీపర్ల మీద పెట్టుకుంటూ పోయేవాళ్లు. పట్టకారు తీసి అయస్కాంతం తగిలిస్తే పాత మేకులు, ప్లేట్లు ఏరుతుంది. బకెట్ తగిలిస్తే పక్క కాలవ పూడిక తీస్తుంది. ఒకే యంత్రం, నాలుగు పనులు. అమెరికాలో కూలి ఖర్చు ఎక్కువ, దూరాలు ఎక్కువ, అందుకే వాళ్లకు ఇది బాగా గిట్టుబాటైంది. ఎంత పేరొచ్చిందంటే లయనెల్ అనే బొమ్మ రైళ్ల కంపెనీ 1956లో 3360 నంబరుతో బర్రో బొమ్మను అమ్మింది. అది నడుస్తుంది, తిరుగుతుంది, కొక్కెం ఎత్తుతుంది.

బర్రోకి ముందు సంగతి కొంచెం. పట్టాల మీద క్రేన్ అనే వస్తువు మొదట ఇంగ్లండ్‌లో చేతిపిడితో తిప్పే రకంగా మొదలైంది. తరువాత ఆవిరి. కార్లైల్‌లో 1846లో పుట్టిన కోవన్స్ షెల్డన్, ఇప్స్‌విచ్‌లో 1869లో పుట్టిన రాన్సమ్స్ అండ్ రేపియర్ పేర్లు మన రైల్వే వాళ్ల నోట కూడా నానాయి. ఆవిరి క్రేన్‌లో నిలువు బాయిలర్‌ని వెనక్కి పెట్టేవాళ్లు. అది ఆవిరీ ఇస్తుంది, కౌంటర్ వెయిటూ అవుతుంది. తెలివైన పనే, కానీ తోక పెరిగిపోయింది. పైగా ఆవిరి లేవాలంటే ముందు గంటలు గంటలు నిప్పు వేసుకుని కూర్చోవాలి. గంట బ్లాక్‌లో రెండు పట్టాలు మార్చే పనికి అది ఎట్లా పనికొస్తుంది? అందుకే ఆవిరి క్రేన్లు యార్డుల్లో, షెడ్లలో, వంతెనల దగ్గర, ప్రమాదాలప్పుడు పనికొచ్చాయి గానీ రోజువారీ పట్టాల పనికి ఎక్కువగా రాలేదు. ఆ పనికి దారి తెరిచింది పెట్రోలు, డీజిల్ ఇంజన్లు.

కొంతమంది ప్రమాదాలప్పుడు వచ్చే పెద్ద క్రేన్‌ని చూసి దీంతో కలిపేస్తున్నారు. అది వేరే జాతి. 75 టన్నుల కోవన్స్ షెల్డన్ ఆవిరి క్రేన్లు, తరువాత జర్మనీ గాట్వాల్డ్ నమూనా మీద 140 టన్నుల డీజిల్ హైడ్రాలిక్ క్రేన్లు మన రైల్వేల్లో వచ్చాయి. బిహార్‌లోని జమాల్‌పూర్ వర్క్‌షాప్ 1961 నుంచే రైలు క్రేన్లు కడుతోంది. అవి బోగీలు బోల్తా పడినప్పుడు ఎత్తేదానికి, పట్టా మార్చేదానికి కాదు. వాటి బరువు పట్టా మీద ఒకే చోట పడకుండా ముందూ వెనకా అదనపు చక్రాల బండ్లు తగిలించే పద్ధతిని కనిపెట్టింది రాన్సమ్స్ కంపెనీకి చెందిన విల్‌ఫ్రెడ్ స్టోక్స్. మొదటి ప్రపంచ యుద్ధంలో పేరు మోసిన స్టోక్స్ మోర్టార్ కూడా ఆయనదే. క్రేన్ల మనిషి ఫిరంగి చేశాడంటే మా వాళ్లు నమ్మేవాళ్లు కాదు.

ఇక మన ఊరి సంగతి. అరక్కోణం నుంచి మద్రాస్ రైల్వే వాళ్ల బ్రాడ్ గేజ్ లైన్ 1862లో రేణిగుంటకి వచ్చింది, 1871లో రాయచూరు చేరింది. కాట్పాడి, చిత్తూరు, పాకాల, తిరుపతి, గూడూరు మీదుగా పోయిన మీటర్ గేజ్ సౌత్ ఇండియన్ రైల్వే వాళ్లది, 1890 ప్రాంతం నాటిది. పాకాల నుంచి ధర్మవరం పోయే మీటర్ గేజ్ 2010 ప్రాంతంలో బ్రాడ్ గేజ్ అయింది. అంటే మన జిల్లాలో చాలా కాలం రెండు గేజులూ పక్కపక్కనే నడిచాయి. ఒక గేజ్ క్రేన్ ఇంకో గేజ్‌కి పనికిరాదు. ఉన్న కొద్దిపాటి యంత్రాలు కూడా రెండుగా చీలిపోయేవి. ఇక్కడ బర్రో లాంటిది పట్టాల పనికి తిరగలేదు, ఇది మీ రెండో ప్రశ్నకి జవాబు.

మరి ఏముండేదంటే, యార్డుల్లో చేతిపిడి క్రేన్. నాలుగు చక్రాల బండి మీద ఇనప స్తంభం, దానికి వంగిన చెయ్యి, రెండు పక్కలా పిడులు. ప్రయాణంలో చెయ్యి దించి ముందు తగిలించిన ఖాళీ బండి మీద పెడతారు, దాన్ని మ్యాచ్ ట్రక్ అంటారు. పాకాల యార్డులో లైన్లు విడిపోయే పాయింట్ల దగ్గర క్రాసింగ్ మార్చేటప్పుడు ఇట్లాంటిదాన్ని వాడడం నాకు బాగా గుర్తుంది. క్రాసింగ్ అంటే ఒకే ముద్దగా పోసిన మాంగనీస్ ఉక్కు, పట్టా మాదిరి పొడుగ్గా ఉండదు కాబట్టి మనుషులు వరసగా నిలబడి మోసేదానికి కుదరదు. పక్కకి ఇద్దరు చొప్పున నలుగురు పిడుల మీద. ఒక మనిషి నిలకడగా తోయగలిగేది 15 కిలోలు అనుకోండి, నలుగురికి 60. 5 టన్నులు లేవాలంటే పళ్ల చక్రాలు ఆ బలాన్ని 83 రెట్లు చేయాలి, రాపిడి కలుపుకుంటే 100కి పైనే. అంటే బరువు 1 మీటరు లేచే లోపల పిడి పట్టిన చెయ్యి 100 మీటర్లకు పైగా తిరగాలి. 40 సెంటీమీటర్ల పిడి ఒక చుట్టుకి 2.5 మీటర్లు, కాబట్టి 40 చుట్లకు పైమాటే. బరువు తేలికైతే గేర్ మార్చి తొందరగా తిప్పొచ్చు. పంటి చక్రం వెనక్కి తిరగకుండా ఆపే నాలుక దాని మీద టక్ టక్‌మని పడుతుంటే పని సాగుతోందని లెక్క. ఆ శబ్దం ఆగితే అందరూ తలెత్తి చూస్తారు. దించేటప్పుడు నాలుక ఎత్తి బ్రేక్ పట్టీ మీద మెల్లగా వదలాలి. పిడులు తీయకుండా బ్రేక్ వదిలితే అవి గిర్రున తిరుగుతాయి. చెయ్యి విరిగేది అక్కడే. అందుకే దించే ముందు పిడులు ఊడదీయాలి అని మేస్త్రీ అరిచేది ఊరికే కాదు.

మామూలు పట్టా మార్పిడికి ఆ క్రేన్ కూడా ఎవరూ తెచ్చేవాళ్లు కాదు. ఎందుకు తేవాలి? మీటర్ గేజ్‌లో గజానికి 60 పౌండ్ల పట్టా 12 మీటర్లది 350 కిలోల పైచిలుకు. బ్రాడ్ గేజ్‌లో 90 పౌండ్లది 13 మీటర్లకు 580 కిలోలు. పదహారు మంది పట్టకార్లు పట్టుకుంటే తలకి 36 కిలోలు. ఐలెస్సా అని ఒక గొంతు అందుకుంటే పట్టా లేచి పక్కకి పోయి కూర్చునేది. చెక్క స్లీపర్ 70, 80 కిలోలు, ఇద్దరు భుజానికెత్తుకుని పోతారు. దూరం మోయాలంటే డిప్ లారీ ఉంది, పట్టాల మీద చేత్తో తోసే చిన్న బండి, ఎర్రజెండా పట్టుకుని తోసుకుపోవడమే. రైలొస్తే లారీని లేపి పక్కన పెడతాం. క్రేన్‌ని లేపి పక్కన పెట్టగలమా? సింగిల్ లైన్‌లో క్రేన్ నిలబడితే సెక్షన్ మొత్తం ఆగిపోతుంది. చంద్రగిరి, పాకాల మధ్య సైడింగ్ ఎక్కడుందో చూసుకుని, అక్కడ దాకా పోయి, మళ్లీ వచ్చి... బ్లాక్ అయిపోతుంది. మనుషుల కూలి తక్కువ కాబట్టి మనవాళ్లు యంత్రం కొనలేదని అందరూ అంటారు. సగం నిజం. మనుషులు లైన్ మీద నుంచి ఐదు నిమిషాల్లో తప్పుకోగలరు, యంత్రం తప్పుకోలేదు, మిగతా సగం అది. గ్యాంగ్‌మన్ల నడుములు ఏమయ్యాయో మాత్రం ఈ లెక్కలో ఎవరూ వేయలేదు. రిటైరైన మా వాళ్లలో చానామంది ఇప్పుడు వంగి చెప్పు తొడుక్కోలేరు.

ఈ ఏర్పాటును పడగొట్టింది కాంక్రీట్ స్లీపర్. బ్రాడ్ గేజ్ కాంక్రీట్ స్లీపర్ ఒక్కోటి 250 కిలోలకు పైగా తూగుతుంది. దాన్ని ఇద్దరు మోయలేరు, నలుగురు కూడా కష్టం. కిలోమీటరుకి 1,540 స్లీపర్ల లెక్కన 13 మీటర్ల ముక్కలో 20 వస్తాయి. మీటరుకి 52 కిలోల పట్టాలు రెండు 1.35 టన్నులు. అన్నీ బిగించిన ఒక ప్యానెల్ 7 టన్నుల దగ్గరికి పోతుంది. అప్పుడు మనకూ యంత్రం తప్పలేదు. కానీ మనవాళ్లు బర్రో దారి పట్టలేదు, ఆస్ట్రియా ప్లాసర్ కంపెనీ పద్ధతి తీసుకున్నారు. దాన్ని పీక్యూఆర్ఎస్ (ప్లాసర్ క్విక్ రీలేయింగ్ సిస్టమ్) అంటారు. అసలు లైనుకి రెండు పక్కలా 3.4 మీటర్ల గేజ్‌తో తాత్కాలికంగా ఇంకో జత పట్టాలు పరిచి, వాటి మీద గుమ్మం ఆకారంలో ఉండే పోర్టల్ క్రేన్లను నడిపిస్తారు. పాత ప్యానెల్‌ని కాళ్ల మధ్య నుంచి ఎత్తి వ్యాగన్ మీద పెడతాయి, కొత్తది తెచ్చి దింపుతాయి. 9 టన్నుల రకం 13 మీటర్ల కాంక్రీట్ ప్యానెల్‌ని ఎత్తుతుంది.

ఇక్కడ గమనించండి, పోర్టల్ క్రేన్‌కి తోక లేనే లేదు. బరువు రెండు కాళ్ల మధ్యలో వేలాడుతుంది కాబట్టి పక్కకి తిరగబడే ప్రశ్న రాదు, కౌంటర్ వెయిట్ అక్కర్లేదు, పక్క లైన్‌లోకి ఏదీ ఊగదు. బర్రో తోకను కురచ చేస్తే, ఇది తోకనే తీసేసింది. బదులుగా అది పక్కకి చెయ్యి చాపలేదు. లైనుకి పదడుగుల అవతల పడున్న పట్టా ముక్కను అందుకోమంటే దాని వల్ల కాదు. అట్లాంటి చిల్లర పనికి క్రేన్ బిగించిన యూటీవీ (యుటిలిటీ ట్రాక్ వెహికల్) బండ్లు వచ్చాయి, పట్టాలూ స్లీపర్లూ మోసుకుని తిరిగేవి. మన ఏర్పాటులో బర్రోకి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది యూటీవీయే, నేను దాన్నే దాయాది అంటాను.

పట్టా మార్చే పని కూడా మారిపోయింది. ఇప్పుడు 13 మీటర్ల పట్టాలు 20 కలిపి అతికిన 260 మీటర్ల ప్యానెళ్లు రేక్ మీద, అంటే వ్యాగన్ల వరస మీద వస్తాయి. రేక్ చివరి నుంచి జారుస్తూ దింపుతారు. కొక్కానికి తగిలించి ఎత్తే వస్తువు కాదది. అమెరికాలోనూ పొడుగు పట్టాలొచ్చాకే ఒక్కొక్క పట్టా ఎత్తే పని తగ్గింది. అదీకాక రోడ్డు మీదా పట్టా మీదా నడిచే లారీ క్రేన్లు వచ్చాయి, లెవెల్ క్రాసింగ్ దగ్గర పట్టా ఎక్కి, పని కాగానే అక్కడే దిగిపోతాయి. మన దగ్గర ఆ స్థానం హైడ్రా, అంటే రోడ్డు మీద తిరిగే చిన్న క్రేన్ తీసుకుంది. లైను పక్క రోడ్డున్న చోటల్లా ఇప్పుడు హైడ్రాయే. అది పట్టా మీదికి రాదు, కాబట్టి లైన్ ఆపి కూర్చోదు. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి నందలూరు, రాజంపేట మధ్య లైన్ కొట్టుకుపోయినప్పుడు చూసినవాళ్లకు తెలుసు, అంత పెద్ద గండి దగ్గర పట్టాల మీద నిలబడే క్రేన్‌తో పనిలేదు. నిలబడేదానికి పట్టానే లేదు కదా.

కరెంటు లైన్ సంగతి చెప్పకపోతే జవాబు సగమే. మన సెక్షన్లలో ఇప్పుడు పైన 25,000 వోల్టుల తీగ ఉంది, పట్టా నుంచి ఐదున్నర మీటర్ల ఎత్తు ప్రాంతంలో. దానికి 2 మీటర్ల లోపలికి మనిషీ పనిముట్టూ పోకూడదు. చెయ్యి ఎత్తే క్రేన్ ఏదైనా సరే, ఆ తీగ కింద పనిచేయాలంటే లైన్ బ్లాక్‌తో పాటు పవర్ బ్లాక్ కావాలి. టీఆర్‌డీ, అంటే ఈ తీగలు చూసే విభాగం వాళ్లు వచ్చి కరెంటు తీసి, ఎర్త్ వేసి, కాగితం రాసిచ్చేదాకా క్రేన్ చెయ్యి లేవదు. వాళ్లు ఎర్త్ తీసే ముందు మన చెయ్యి దిగిపోవాలి. గంటన్నర బ్లాక్‌లో ఇటు పావుగంట, అటు పావుగంట అక్కడే పోతుంది. అందుకని కొత్తగా వచ్చే యంత్రాల్లో కొన్ని పొట్టిగా, చేతిని పైకి కాకుండా పక్కకి చాపేవిగా వస్తున్నాయి.

మోడల్ గురించి. బర్రో కట్టాలంటే మీ పని తేలిక. బజారులో దొరికే హెచ్‌ఓ అనే సైజు మోడల్ పట్టా 16.5 మిల్లీమీటర్లు, అది 1:87 స్కేల్‌లో అమెరికా 1,435 మిల్లీమీటర్ల గేజ్‌కి సరిపోతుంది. మన బ్రాడ్ గేజ్ క్రేన్ కట్టాలంటే అదే స్కేల్‌లో 19.3 మిల్లీమీటర్లు రావాలి, ఆ పట్టా మీరే చేసుకోవాలి. 16.5 మీదే కూర్చోబెడితే బండి ఇరుకై, చూసేవాడికి ఏదో తేడా కొడుతుంది. నన్నడిగితే పాకాల మీటర్ గేజ్ హ్యాండ్ క్రేన్ కట్టండి. 1:87లో మీటర్ గేజ్ 11.5 మిల్లీమీటర్లకు వస్తుంది, 12 మిల్లీమీటర్ల పట్టా దానికి చాలా దగ్గర. చెయ్యి దించి మ్యాచ్ ట్రక్ మీద పెట్టండి, కౌంటర్ వెయిట్ పెట్టెను ముందుకి జరపండి, పిడులు ఊడదీసి బండి మీద పడేయండి. కొక్కెం ఎత్తి ఉన్నట్టు చూపించాలనుకుంటే మాత్రం యాక్సిల్ బాక్సుల మీద వెడ్జ్‌లు, పట్టాకి క్లాంపులు పెట్టడం మరిచిపోవద్దు. కొలతల స్కెచ్ గీసి ఇక్కడ పెడితే ఎక్కడ ఏం తేడా ఉందో చూసి చెబుతాను.